ఆ "రహస్య కమాండ్ల" సందేశానికి జవాబు

"కంపెనీలు మీకు తెలియకుండా దాచిన పది రహస్య కమాండ్లు" అనే సందేశం ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది: పదో తరగతి మిత్రుల గ్రూపులో ఒకసారి, కాలనీ గ్రూపులో ఒకసారి, మా మేనమామ నుండి రెండుసార్లు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి కనుక, నిజమేనా అని అడిగేవారూ, చేసేసి సీపీయూను చంకన పెట్టుకుని వచ్చేవారూ నా దుకాణానికే వస్తున్నారు. అందుకే ఈ జవాబు.

మొదట ఆ "రహస్యం" సంగతి. కమాండ్లు కొట్టే నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి హెల్ప్ అని కొడితే విండోస్ తానే కమాండ్ల పట్టీ ముందు పెడుతుంది. దాదాపు ఏ కమాండు చివరనైనా /? చేర్చితే అది ఏం చేస్తుందో, ఎలా వాడాలో చెబుతుంది. దాచదలచినవాడు ఇంత వివరంగా చెప్పడు.

ట్రీ అనే కమాండు కొడితే వైరస్‌లు తుడిచిపెట్టుకుపోతాయట. అది ఏ ఫోల్డరులో ఏ ఫోల్డరు ఉందో కొమ్మలుగా గీసి చూపుతుంది, అంతే. ఇంట్లో గదుల పేర్లు గట్టిగా చదివితే ఎలుకలు చావవు.

"కాన్" పేరుతో ఫోల్డరు సృష్టించలేకపోవడం మైక్రోసాఫ్ట్‌కే అంతుచిక్కని మాయ అనడం మరీ పాతది. విండోస్‌కు ముందటి డాస్ కాలం నుండి ఆ పేరు తెర, కీబోర్డులకు కేటాయించి ఉంది; పీఆర్ఎన్, ఏయూఎక్స్ పేర్లూ అంతే.

నెట్‌లో 20 శాతాన్ని విండోస్ మింగేస్తుందనీ, విండోస్ లోపలి సెట్టింగులు మార్చే జీపీఎడిట్‌లోకి వెళ్లి దాన్ని సున్నా చేయాలనీ చెప్పిన అంశం కూడా నిలవదు. ప్రత్యేకంగా అడిగే ప్రోగ్రాము ఏదైనా ఉంటేనే ఆ వాటా పక్కకు పోతుంది. లేనప్పుడు మొత్తం మనదే. పైగా మన ఇళ్లలో ఎక్కువగా ఉండే హోం ఎడిషన్‌లో జీపీఎడిట్ ఉండనే ఉండదు. ప్రీఫెచ్ ఫోల్డరును రోజూ ఖాళీ చేయమనడమూ ఇలాంటిదే: ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసిపెట్టుకున్న గుర్తులు అవి, చెరిపితే మరుసటిసారి తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

వీటన్నిటినీ నవ్వి వదిలేయవచ్చు. ఎనిమిదో అంశాన్ని మాత్రం వదలలేను. "కింది లైను కాపీ చేసుకుని, విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి, పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి, మీ విండోస్ ఉచితంగా యాక్టివేట్ అవుతుంది" అని అందులో ఉంది. ఆ లైను పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రాము) అన్న మాటతో మొదలవుతుంది, నడుమ ఒక వెబ్ చిరునామా ఉంటుంది, చివర ఐఈఎక్స్ ఉంటుంది. అర్థం ఏమిటంటే: ఆ చిరునామాలో ఏముంటే అది తెచ్చి, నాకు చూపకుండా, వెంటనే నడిపించు. లైను అదే ఉన్నా, ఆ చిరునామాలో నిన్న ఒకటి, రేపు మరొకటి పెట్టవచ్చు. ఆ కీలు నొక్కితే తెరుచుకునే రన్ పెట్టె చిన్నది కనుక పొడుగు లైనులో మనకు తోకే కనిపిస్తుంది. మోసగాళ్లు ఆ తోకలోనే "నేను రోబోను కాను" వంటి అమాయకపు మాట చేర్చుతారు. 2024 నుండి బాగా వ్యాపించిన ఈ పద్ధతికి క్లిక్‌ఫిక్స్ అని పేరు. నడిపించింది యజమానే కనుక యాంటీవైరస్ చాలాసార్లు ఊరుకుంటుంది. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులతో పాటు లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలు (మనం లాగిన్ అయ్యామని బ్రౌజరు దాచుకునే గుర్తులు) కూడా పోతాయి. ఆ కుకీలు చేతికి చిక్కినవాణ్ణి ఓటీపీ కూడా అడగకపోవచ్చు.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు లెక్కలు రాసే మా బావమరిది సరిగ్గా ఇదే చేశాడు. మరునాటికి అతని మెయిలు నుండి అందరికీ డబ్బు అడుగుతూ ఉత్తరాలు వెళ్లాయి. యంత్రం తెచ్చాక రన్ పెట్టె పక్కనున్న బాణం గుర్తు నొక్కి చూశాను. ఆ లైను అక్కడే ఉంది. "గ్రూపుల వచ్చింది గదా బావా, అందుకే కొట్టిన" అన్నాడు. అవును మరి, గ్రూపులో వస్తే గెజిట్‌లో వచ్చినట్టే! ఎవరైనా ఇప్పటికే కొట్టి ఉంటే ముందు నెట్ తీసేయండి, వేరే ఫోను నుండి పాస్‌వర్డులు మార్చి అన్ని చోట్లా లాగౌట్ చేయండి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పనికొచ్చేవి చెప్పదలచుకుంటే ఎన్ని లేవు? ఒకసారి ఆన్ చేసుకున్నాక, విండోస్, వీ కీలు కలిపి నొక్కితే కాపీ చేసిన చివరి 25 అంశాల వరకూ కనిపిస్తాయి. 2018 నుండీ ఉన్న ఈ సౌకర్యం నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఒక్కరికీ తెలియదు. 2019 నుండి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. ఈ సందేశంలో ఇవి రెండూ లేవు.

తొమ్మిదో అంశం దగ్గర మాత్రం నేను తల వంచుకోవాలి. పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, /బ్యాటరీరిపోర్ట్ అని చేర్చితే బ్యాటరీ జాతకమంతా ఒక పేజీగా వస్తుందని ఆ సందేశం చెప్పింది, నిజమే, వస్తుంది. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా నాకు తెలియదు, బ్యాటరీల సంగతి ఊహించి చెబుతూ వచ్చాను. దుకాణంలోని నా లాప్‌టాప్‌పై నడిపి చూస్తే, తయారీనాటి సామర్థ్యంలో ఇప్పుడు నిండేది సగం కూడా లేదు. ఛార్జింగ్ నిలవడం లేదని పోయిన నెలలోనే దానికి కొత్త ఛార్జరు కొన్నాను.