అట్ట మారిన అంకితం

మా కడపలో పుస్తకావిష్కరణ చేయాలంటే ముందు హాలు చూసుకోవాలి, తర్వాత ముఖ్య అతిథిని పట్టుకోవాలి. పుస్తకం సంగతి ఆఖరున. అచ్చాఫీసాయన సభ రోజు పొద్దున్నే ఇస్తానంటాడు, సాయంత్రానికి ఆటోలో పంపిస్తాడు. జిగురు వాసన ఇంకా పోయుండదు. అయినా ఎవరికీ పట్టదు. సభలో పుస్తకానికి ఉండే పనల్లా రిబ్బను విప్పించుకోవడం, అతిథుల చేతుల్లో ఛాతీ ఎత్తున నిలబడి ఫోటో దిగడం.

మొన్న శ్రావణమాసంలో ఒకే సభలో రెండు పుస్తకాలు బయటికొచ్చాయి. ఒకటి మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరు సారు రాసిన పిల్లల పెంపకం పుస్తకం. రెండోది ముప్పై ఏళ్లుగా ఊరందరి చేతా పాలసీలు కట్టిస్తున్న బీమా సారు రాసిన విజయసాధన పుస్తకం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. కానీ హాలు బాడుగ, మైకు, శాలువాలు, ఉగ్గాని బజ్జీ ఖర్చు చెరిసగం అవుతుందని తెలిశాక సాహితీ మిత్రులైపోయారు.

అచ్చు కూడా ఒకే చోట. రెండూ డెమ్మీ సైజు, రెండూ 8 ఫారాలు, అంటే 128 పేజీలు. నిజానికి బీమా సారుది 7 ఫారాలకే అయిపోయిందట. హెడ్మాస్టరు సారు పుస్తకం కన్నా పలచగా ఉంటే పరువు తక్కువని ఇంకో 16 పేజీల విజయసూత్రాలు అప్పటికప్పుడు రాసిచ్చారు. ఆ పంతమే కొంప ముంచింది. మందం సమానమయ్యేసరికి ఏ అట్టయినా దేనికైనా అతుక్కుంటుంది. పచ్చ అట్ట మీద మొలక బొమ్మ, అది పిల్లలది. నీలం అట్ట మీద కోటు వేసుకుని నిచ్చెన ఎక్కుతున్న మనిషి, అది విజయానిది. రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంటే బైండింగు కుర్రాడు నిచ్చెనను పిల్లల పెంపకానికీ, మొలకను విజయసాధనకూ అతికించేశాడు. వాడికి చదువు రాదా అంటే, ఇంటర్ పాసైనాడు. ఫారాలు వరుసగా ఉన్నాయో లేదో చూడమన్నారు గానీ చదవమని వాడితో ఎవరన్నారు?

ఇది వేరే ఊళ్లో జరిగుంటే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌను ఇక్కడ సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, రాతప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూపించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. దొర జీతాలిచ్చి అంతమందిని పెట్టుకున్న ఊళ్లో, ఒక్క అట్ట తిప్పి చూసే మనిషి మాకు దొరకలేదు.

సభ మొదలైంది. పుస్తకాల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి లేచి, రెండు పుస్తకాలూ రాత్రంతా మేలుకొని అక్షరం వదలకుండా చదివానన్నారు. పుస్తకాలు ఆటోలోంచి దిగింది సాయంత్రం అయిదున్నరకు. చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత హెడ్మాస్టరు సారు తన ప్రేరణ గురించి మొదలుపెట్టారు. గుజరాత్‌లో వకీలుగా ఉన్న గిజుభాయి బధేకా, కొడుకు పుట్టాక వాడి చదువెట్లా అన్న చింతతో పిల్లల చదువు మీద మాంటిస్సోరి రాసిన పుస్తకాలు పట్టుకుని, చివరికి 1920లో భావనగర్‌లో బాలమందిరం అని పిల్లల బడి పెట్టిన కథ చెప్పారు. పిల్లలు ఆయన్ను మీసాలున్న అమ్మ అనేవారని చెబుతూ తన మీసం దువ్వుకున్నారు. నా పక్కన నిలబడ్డ వాళ్లావిడ, "ఈయప్ప మా పిల్లోళ్లను పెంచిందెప్పుడు? ఎండాకాలం సెలవులొస్తే వ్యాల్యుయేషన్ డ్యూటీ అని పోయేటోడు" అంది, మెల్లగానే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేంత మెల్లగా.

సారు ఆ తర్వాత ఫ్రాన్సుకు పోయి రూసోను తెచ్చారు. పిల్లల్ని ఎలా పెంచాలో 1762లో లావుపాటి గ్రంథం రాసిన మహానుభావుడు. ఆ మహానుభావుడు తనకు పుట్టిన అయిదుగురు పిల్లల్నీ అనాథాశ్రమానికి పంపేసిన ముక్క మాత్రం సారు ఎత్తలేదు. ముందు వరుసలో ఆయన ముగ్గురు పిల్లలూ కూర్చుని ఉన్నారు. చివర్లో అమెరికా డాక్టరు స్పాక్ వంతు. 1946లో వచ్చిన ఆయన పుస్తకం మొదలే, తల్లులారా మిమ్మల్ని మీరు నమ్ముకోండి, మీరనుకునేదాని కన్నా మీకు ఎక్కువే తెలుసు అన్న అర్థంతో ఉంటుంది. అది విని ఇద్దరు తల్లులు చేతిలో పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసి బజ్జీల వైపు వెళ్లిపోయారు. వాళ్లకు కావలసింది దొరికింది మరి.

బీమా సారు మైకు అందుకోగానే గొంతు పెంచారు. ఆయన ప్రేరణ శామ్యూల్ స్మైల్స్. చదివింది వైద్యం, చేసింది పత్రికా సంపాదకత్వం. 1840లలో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో పనివాళ్ల కుర్రాళ్లు కొందరు తమంతట తాము చదువుకుందామని గుమిగూడితే, వాళ్లకు దొరికిన చోటు కలరా రోగుల కోసం తాత్కాలికంగా వాడిన మురికి గది. అక్కడ స్మైల్స్ ఇచ్చిన ఉపన్యాసాలే తర్వాత పుస్తకమయ్యాయి. మొదట ఒక ప్రచురణకర్త వద్దన్నాడు. 1859లో లండన్‌లో జాన్ మర్రే సంస్థ బయటికి తెచ్చింది. "కలరా గదిలో మొదలైంది సార్ ఈ విజయసాధన సాహిత్యం!" అని బీమా సారు బల్ల గుద్దితే, మా హాలు గోడల మీది చెమ్మ మరకలకేసి అందరూ ఒకసారి చూశారు.

సారు చెప్పనిది ఇంకొకటుంది. అదే 1859లో అదే మర్రే డార్విన్ జాతుల పుట్టుక పుస్తకం కూడా వేశాడు. లండన్‌లో మా బైండింగు కుర్రాడు ఉండుంటే, జీవితంలో పైకొద్దామని డబ్బు పెట్టి కొన్న కుర్రాళ్లు మొదటి అధ్యాయంలోనే పావురాల జాతుల గురించి చదువుకునేవాళ్లు.

అప్పుడే నా వెనక నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "ఏమప్పా, ఈ మేనేజరెవరు?"

హెడ్మాస్టరు సారు భార్య. సభకు ఆమె వచ్చిందే ఒక పేజీ కోసం. పుస్తకం నీకే అంకితమిచ్చినా అని సారు ఆర్నెల్లుగా ఊరిస్తున్నారు. ఆమె మొలక పుస్తకం తెరిచి, అంకితం పేజీ నా ముందు పెట్టింది. "రాత్రనక పగలనక నా వెంటబడి, టార్గెట్ అంటే ఏమిటో నేర్పి, నన్నింతవాణ్ణి చేసిన మా బ్రాంచి మేనేజరు గారికి."

"నలభై ఏండ్లు వండి పెట్టింది నేను. ఈ రాత్రి పగలు వెంటబడిన మేనేజరు యాడ నుంచి వచ్చినాడు?"

పక్క పేజీ తిప్పాను. విషయసూచికలో పెద్ద అక్షరాల్లో ప్రీమియం, కమీషను, కాలపరిమితి. నిచ్చెన పుస్తకం తెరిచాను. పాలు మాన్పించడం, పక్క తడపడం, పలక పగలగొట్టడం. కడుపులో చల్ల కదిలింది. వేదిక వైపు చేతులూపాను. బీమా సారు దాన్ని అభినందన అనుకుని తిరిగి చెయ్యి ఊపారు.

"ఈ పుస్తకం ఎవరికి అంకితమిచ్చానో ఆ మహనీయుడు ఈ వేదిక మీదే ఉన్నారు. ఆ అంకితాన్ని వారి నోటితోనే మనందరం వినాలి!"

మేనేజరు గారు సఫారీ సర్దుకుని లేచారు. పాపం కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయినట్టున్నారు, పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని, కూడబలుక్కుంటూ మైకులో మొదలుపెట్టారు. "నా... ముగ్గురు... బిడ్డలను... కని, పెంచి..." ఇక్కడ ఒక్క క్షణం ఆగారు. ఆగి, ఇంత పెద్ద సభలో మధ్యలో మానేస్తే బాగుండదనుకున్నారో ఏమో, పూర్తి చేశారు. "నన్ను కూడా... భరిస్తున్న... నా అర్ధాంగికి... ప్రేమతో."

హాలులో మొదట ఎవరూ నవ్వలేదు. మేనేజరు గారి భార్య ముందు వరుసలోనే ఉంది. ఆమె నవ్వాక అందరూ మొదలుపెట్టారు. వెనక బెంచీలో ఒక ముసలాయన, "ఏమంటాండాడు రా, ముగ్గురా?" అని పక్కవాణ్ణి రెండుసార్లు అడిగాడు. హెడ్మాస్టరు సారు వేదిక మీదే పుస్తకం తిప్పి చూసి బీమా సారు వైపు, బీమా సారు తన పుస్తకం తిప్పి చూసి అచ్చాఫీసాయన వైపు చూశారు. అచ్చాఫీసాయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

సభను నిలబెట్టింది ముఖ్య అతిథే. ఆయన ఏ మాత్రం తడబడకుండా మైకు లాక్కుని, "పెంపకం వేరు, విజయం వేరు కాదని చెప్పడానికే ఈ రచయితలిద్దరూ తెలుగులో ఎవరూ చేయని ఈ ప్రయోగం చేశారు. రాత్రి చదివినప్పుడే నేనిది గమనించాను" అన్నారు. చప్పట్లు ఇంతకు ముందు కన్నా ఎక్కువ పడ్డాయి.

కొన్నవాళ్లు తెచ్చిస్తే సరైన అట్ట వేసిస్తామని ప్రకటించాం. ఒక్కరూ తేలేదు. చాలామంది తెరిచి ఉండరు. తెరిచినవాళ్లు మాకు వేరే తలనొప్పి పెట్టారు.

మొలక అట్ట చూసి కొనుక్కుపోయిన ఒక బ్యాంకు ఉద్యోగి, రాత్రిపూట భార్యకు పైకి చదివి వినిపించేవాడట. ఎదుటివాళ్లు వద్దన్నప్పుడే అసలు మాట మొదలవుతుంది. కొంటారా అని అడగొద్దు, ఏది కొంటారని అడగండి. మూడో తరగతి చదివే వాళ్ల పిల్లోడు దుప్పటి కప్పుకుని అంతా విన్నాడు. మరుసటి రోజు, "నాన్నా, సైకిలు ఇప్పుడే కొనొద్దులే. కొన్నప్పుడు ఎర్రది కొంటావా, నీలందా, రోంత చెప్పు" అన్నాడట. ఆ ఆదివారమే ఎర్ర సైకిలు వచ్చింది. ఆయన ఫోను చేసి, తర్వాతి అధ్యాయం చదవాలంటే భయంగా ఉందన్నాడు.

వైవీ స్ట్రీట్‌లో చీరల అంగడి ఆయన నిచ్చెన అట్ట చూసి కొన్నాడు. లోపల మారాం చేసే పిల్లల అధ్యాయం తగిలింది. పది వస్తువులు ముందు పోస్తే పిల్లలు ఏదీ తేల్చుకోలేక ఏడుస్తారు, రెండే చూపించి ఇదా అదా అని అడగండి. ఏడుస్తుంటే వాదించొద్దు, ముందు ఆకలేసిందేమో చూడండి. అప్పటిదాకా ఆయన ఒక్కో బేరానికి బీరువాలో సగం కింద పరిచి, "మళ్లీ వస్తాంలే అన్నా" అనిపించుకునేవాడు. ఇప్పుడు రెండే చీరలు తీస్తున్నాడు. ముఖం చిట్లించిన బేరానికి ముందు ఒక గ్లాసు మజ్జిగ ఇస్తున్నాడు. వరలక్ష్మీ వ్రతం బేరాలు ఎన్నడూ లేనంత బాగా జరిగాయట.

ఆయనే మొన్న హెడ్మాస్టరు సారు ఇంటికొచ్చాడు. దసరాకు తోటి అంగళ్ల వాళ్లకు పంచడానికి యాభై ప్రతులు కావాలన్నాడు. సారు ఆనందానికి అంతులేదు. "అట్ట మార్పిస్తున్నాం నాయనా, వారంలో ఇస్తా" అన్నారు.

"అట్ట మారిస్తే వద్దు సార్. మొలక బొమ్మ చూస్తే మావోళ్లు ఎరువులంగడి వాళ్లు పంచినారనుకుంటారు. నిచ్చెనే ఉండనీ."

ఈ మాట గంటలో బీమా సారు చెవిన పడింది. అట్ట తనది కాబట్టి అమ్మకంలో సగం తనకు రావాలంటూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. హెడ్మాస్టరు సారూ వచ్చారు. పంచాయితీ నన్ను తీర్చమన్నారు.

"జనం కొంటాండేది నా నిచ్చెనను చూసి సార్."

"కొనేది నిచ్చెన చూసే కావచ్చు. చదివేది నేను రాసిందే కదా!"

బీమా సారు టీ గ్లాసు కింద పెట్టి, ముప్పై ఏళ్లుగా పాలసీ బాండ్లు పంచిన మనిషి చూపు ఒకటి చూశారు.

"చదివేదెవరు సార్?"