ఆపే అధికారం ఎవరి చేతిలో?

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ చట్టంతో అణు విద్యుత్ రంగం తలుపులు ప్రైవేటు కంపెనీలకూ తెరుచుకున్నాయి. ఇప్పుడు 9 వేల మెగావాట్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న సామర్థ్యాన్ని 2047 నాటికి లక్ష మెగావాట్లకు చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం. కరెంటు కావాలి, బొగ్గు పొగ తగ్గాలి. అందులో మాకు పేచీ లేదు. కానీ ఇన్నాళ్లూ ప్రభుత్వ సంస్థలే నడిపిన రియాక్టర్లు రేపు లాభనష్టాలు చూసుకునే కంపెనీల చేతికి వెళ్తే, ‘ఇక ఆపండి’ అని గట్టిగా చెప్పేదెవరు?

ఆపడమంటే ఏమిటో తిరుపతి జిల్లా వాసులకు తెలుసు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగం చూడటానికి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా శ్రీహరికోటకు వచ్చారు. దేశమంతా టీవీల ముందు మేలుకుని ఉంది. ఇంకో 56 నిమిషాల్లో రాకెట్ లేస్తుందనగా లోపం కనబడింది. కౌంట్‌డౌన్ ఆపేశారు. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారే అని మొహమాటపడలేదు. వారం తిరిగేసరికి, 22న, ప్రయోగం చక్కగా జరిగింది. అంతకుముందు 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 రాకెట్ అదుపు తప్పినప్పుడు ప్రయోగ భద్రత చూసే రేంజ్ సేఫ్టీ వాళ్లు దాన్ని గాలిలోనే పేల్చేశారు. ఏళ్ల తరబడి పడ్డ కష్టం కళ్లముందే బూడిదైంది. అయినా కింద ఉన్న జనం ప్రాణాలు ముఖ్యమనుకున్నారు కాబట్టే ఆ హక్కును ముందుగానే వాళ్ల చేతిలో పెట్టారు.

అణు విద్యుత్‌లో ఈ ఏర్పాటు మొదటి నుంచీ సగం సగమే. 1983లో ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీగా ఉంటూ వచ్చింది. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. అంటే రియాక్టర్లు కట్టించే శాఖకు, వాటిని తనిఖీ చేసే మండలికి పైన కూర్చున్నది ఒకే పెద్దమనిషి. మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత లేదని 2012లో కాగ్ తప్పుపట్టింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వచ్చి చూసి, స్వతంత్రతను చట్టంలోనే రాయండని చెప్పి వెళ్లారు. దీనికోసం 2011లో తెచ్చిన బిల్లు ఆ లోక్‌సభతోపాటే 2014లో మురిగిపోయింది.

కొత్త చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఇది మంచి అడుగే, మనసారా స్వాగతిస్తున్నాం. అయితే మండలి అధ్యక్షుడిని, సభ్యులను సిఫారసు చేసే ఎంపిక కమిటీని వేసేది మళ్లీ అణుశక్తి కమిషనే! పరీక్ష రాసేవాళ్లే పేపరు దిద్దేవాళ్లను ఎంచుకుంటే మార్కుల మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది? ఆ కమిటీలో కమిషన్‌తో సంబంధం లేనివారే ఎక్కువమంది ఉండాలి. రియాక్టర్‌ను మూయించిన అధ్యక్షుడిని మర్నాడే పదవి నుంచి తప్పించే వీలు ఎవరికీ ఉండకూడదు.

ఇది లేనిపోని భయం కాదు. ఫుకుషిమా ప్రమాదం జరిగిన 2011 నాటికి జపాన్‌లో అణు భద్రతను చూసే సంస్థ, అణు విద్యుత్‌ను ప్రోత్సహించే మంత్రిత్వ శాఖలోనే ఒక భాగం. సునామీ సహజమే కానీ ప్రమాదం మాత్రం మనుషులు తెచ్చిపెట్టుకున్నదేనని ఆ దేశ పార్లమెంటు వేసిన విచారణ సంఘం తేల్చింది. ప్రమాదం జరిగిన మరుసటి ఏడాదే, 2012లో, అక్కడ వేరే నియంత్రణ సంస్థ పుట్టింది. అణు విద్యుత్‌కు పూర్తిగా కొత్తదైన యూఏఈ మాత్రం 2009లో నియంత్రణ సంస్థకు చట్టం చేశాకే దక్షిణ కొరియా కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. అమెరికా నియంత్రణ సంస్థలో పనిచేసిన అనుభవజ్ఞుడిని పిలిపించి మరీ పగ్గాలు అప్పగించింది.

ఏఈఆర్‌బీ పని మనకు దూరమేమీ కాదు. తిరుపతిలో ఏ పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదికి వెళ్లినా, టెక్నీషియన్ జేబుకు తగిలించుకునే చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జి కనిపిస్తుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకు పంపితే ఒంటిమీద ఎంత రేడియేషన్ పడిందో లెక్క వస్తుంది. ఆ యంత్రాలకు లైసెన్సు ఇచ్చేదీ ఈ మండలే. 2010లో ఢిల్లీ మాయాపురిలో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న పాత పరికరం తుక్కు దుకాణానికి చేరి ఒక కార్మికుడి ప్రాణం తీసింది. ఒక్క పరికరం లెక్క తప్పితేనే అంత జరిగింది.

పక్కనున్న కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. కాదంటోంది ఆ గని నడిపే ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్. ఎవరి మాట నిజమో తేల్చాల్సిన పరీక్ష ఫలితాలు ఆ రైతు చేతికి అతని భాషలో అందాలి. ఇది దయ కాదు, హక్కు.

మనుషుల సంగతి ఇంకా ముఖ్యం. లక్ష మెగావాట్లకు తగినన్ని తనిఖీ కళ్లు ఎక్కడున్నాయి? తిరుపతి ఐఐటీ, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ నుంచి వచ్చే పిల్లలను ఈ ఉద్యోగాలకు ఆకర్షించాలంటే కంపెనీలతో పోటీపడే జీతాలివ్వాలి. తనిఖీ చేసిన కంపెనీలోనే రిటైరయ్యాక కుర్చీ దొరుకుతుందన్న ఆశకు కొన్నేళ్లపాటైనా అడ్డుకట్ట వేయాలి.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున 6 రియాక్టర్లు కడతామని కేంద్రం ఎప్పటి నుంచో చెబుతోంది. అక్కడ తొలి కాంక్రీటు పడకముందే ఎంపిక కమిటీ నిబంధనలను సవరించాలి. తనిఖీ నివేదికలను తెలుగులోనూ బయటపెట్టాలన్న షరతును మండలి నియమావళిలో చేర్చాలి. తిరుపతి, చిత్తూరు ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఈ రెండూ అడగాలి.