ముక్కు మాది, మొండితనం మీది

గత నెల ఒక బారసాలకు వెళ్లాను. పాపకు ఇరవై ఒక్క రోజులు. ఉయ్యాలలో వేసి పేరు పిలవకముందే పంపకాలు పూర్తయ్యాయి. ముక్కు నాయనమ్మగారి పుట్టింటిదని మొదటే తేలింది. నుదురు తాతగారిది. వేళ్ల పొడవును మేనత్త తన పేరున రాయించుకుంది. మిగిలినవి మూడు: రాత్రంతా ఏడవడం, ఛాయ తక్కువ కావడం, ఆడపిల్ల కావడం. "ఏమీ అనుకోకండి వదినగారూ, ఈ మొండితనం మాత్రం మీ వైపుదే" అంటూ ఆ మూడింటినీ అమ్మమ్మగారి ఖాతాలో వేశారు. వెండి గిన్నె, బంగారు గొలుసు పట్టుకొచ్చిన ఆవిడ వీటిని మూటగట్టుకుని వెళ్లారు.

తరతరాలుగా ఇంత చక్కని ఏర్పాటు నడుస్తుండగా, జీవకణం దీన్ని ఒక్కనాడు కూడా పాటించలేదు. పెద్దల మాట అంటే దానికి లెక్కలేదు. అందుకే కణం మీద బహిరంగంగా ఫిర్యాదు చేయవలసి వస్తోంది.

అది రెండుగా విడిపోయి వేరుపడే తీరు చూడండి. మన శరీర కణంలో క్రోమోజోములు అనే పోగులు 46, వాటిలో వంశ లక్షణాలు రాసి ఉండే డీఎన్ఏ. కంటికి ఆనని కేంద్రకంలో మడిచి పెట్టిన ఈ దస్తావేజును విప్పి సాగదీస్తే దాదాపు రెండు మీటర్లు. ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో సుమారు 600 కోట్ల అక్షరాల రాత. వేరుపడాలనుకున్న కణం ముందు ఏడెనిమిది గంటలు కూర్చుని దస్తావేజు మొత్తానికీ నకలు రాసుకుంటుంది. రాసే ఎంజైము లక్ష అక్షరాలకు ఒకటి తప్పు రాస్తుంది. వెంటనే వెనక్కి వచ్చి దిద్దుకుంటుంది. అది వదిలేసినవాటిని వెతకడానికి ఇంకో బృందం ఉంటుంది. చివరికి మిగిలేది వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు, అంతే. పాసుపుస్తకంలో తండ్రి పేరు సరిగ్గా పడితే గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టే మనకు ఈ పద్ధతి అనుమానాస్పదంగా తోచడం సహజం.

నకలు అయ్యాక క్రోమోజోములన్నీ కణం నడుమ వరుస కడతాయి. రెండు వైపుల నుంచి కండె పోగులు వచ్చి వాటిని పట్టుకుంటాయి. ఒక్క క్రోమోజోముకు పట్టు కుదరకపోయినా లాగడం మొదలుకాదు. దుబాయిలో ఉన్న తమ్ముడి సంతకం రాలేదని రిజిస్ట్రేషన్ ఆగినట్టు అందరూ ఆగుతారు. ఈ ఒక్క విషయంలోనే కణానికి మన సంప్రదాయం అబ్బింది. పట్టు కుదిరాక గంటలోపు పని ముగుస్తుంది. ఇద్దరికీ చెరి సగం కాదు, ఇద్దరికీ మొత్తం ఆస్తి! గట్టు తగాదా లేదు, పంచాయితీ లేదు, వాయిదాలు లేవు. అందరూ ఇలాగే వేరుపడితే మన జిల్లా కోర్టుల ఎదుట జిరాక్సు కొట్టు పెట్టుకున్నవారి గతి ఏమిటి?

ఈ రాతపనికి కావలసిన సిరా తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. చూడటానికి దానిలాగే ఉండే దొంగ సరుకును కూడా చేసింది, అమినోప్టెరిన్ అని. ఆ దొంగ సిరాను అందుకున్న కణం నకలు రాయలేక చతికిలబడుతుంది. అదుపు తప్పి విభజన చెందే రక్తకాన్సరు కణాలను దానితోనే సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా వైద్యుడు 1948 నాటికి పిల్లల్లో కొంతకాలం నిలువరించగలిగారు. మన పాప తల్లికి కూడా నెలల తరబడి ఐరన్, ఫోలిక్ మాత్రలు ఇచ్చారు. ఛాయ తగ్గింది ఆ మాత్రల వల్లేనని నాయనమ్మగారు తేల్చారు. భీమవరం మనిషి ఇంత పని చేస్తాడని ఎవరనుకున్నారు!

అసలు అపచారం మాత్రం సంతానం దగ్గర జరుగుతుంది. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు జరిగేది క్షయకరణ విభజన, అంటే క్రోమోజోముల సంఖ్యను సగం చేసే విభజన. తండ్రి ఇచ్చిన క్రోమోజోము, తల్లి ఇచ్చిన క్రోమోజోము పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. అంటే నాయనమ్మగారి ముక్కు రాసి ఉన్న పత్రాలను తాతగారి పత్రాలతో కలిపి కుట్టేస్తాయి. ఆ తర్వాత 23 జతల్లో ఏ జత నుంచి ఏది వెళ్లాలో బొమ్మా బొరుసూ వేసినట్టే. ముక్కల మార్పిడిని పక్కన పెట్టినా, ఒక్క మనిషి నుంచి 83,88,608 రకాల కలయికలు రావచ్చు. ఇన్నిటిలో మంచివన్నీ మా వైపు నుంచే వచ్చాయని కనిపెట్టగలిగిన మేనత్త ప్రజ్ఞ ముందు ఏ కంప్యూటర్ నిలుస్తుంది? పైగా ముక్కు ఆకారం ఒక్క జన్యువు పని కాదు, ఎన్నో జన్యువులు కలిసి చెక్కే పని. ఆ సంగతి చెబితే "అన్నీ మావే" అంది.

ఇక ఆడపిల్ల సంగతి. తల్లి దగ్గర ఉన్నవి రెండూ ఎక్స్ క్రోమోజోములు. మగబిడ్డకు కావలసిన వై ఉన్నది తండ్రి దగ్గర మాత్రమే. పుట్టేది ఆడో మగో తండ్రి వీర్యకణం తెచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందని 1905లోనే నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పురుగులను పరిశీలించి చూపించింది. కోడలి దగ్గర లేని సరుకును ఇవ్వలేదని కోడలిని నిలదీయడం, బట్టల కొట్టుకు వెళ్లి బెల్లం అడగడం లాంటిది. అయినా నూరేళ్లు దాటినా మన ఇళ్లలో బట్టల కొట్టు ముందు పేచీ ఆగలేదంటే, అది పెద్దలకు సంప్రదాయం మీద ఉన్న నిష్ఠ. ఇంతకూ వంశాన్ని ఉద్ధరిస్తుందని ఎదురుచూసిన ఆ వైలో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు వందకు అటూ ఇటూ మాత్రమే. ఎక్స్‌లో దాదాపు 800. వెండి గిన్నె ఎవరికి ఇవ్వాలో మళ్లీ ఆలోచించుకోవచ్చు.

శాస్త్రవేత్తలకు పెద్దల మీద గౌరవం లేదని నేను అనను. మనిషికి 48 క్రోమోజోములని పెయింటర్ అనే శాస్త్రవేత్త 1923లో లెక్క చెప్పాడు. ముప్ఫై ఏళ్లకు పైగా సూక్ష్మదర్శినిలో చూసినవారందరికీ 48 కనిపించాయి. 1956లో స్వీడన్‌లో టియో, లెవాన్ అనే ఇద్దరు అమర్యాదగా మళ్లీ లెక్కపెట్టి 46 అన్నారు. పేరు పంపకాల్లోనూ శాస్త్రవేత్తలు మనవాళ్లే. రోసలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త పర్యవేక్షణలో తీసిన డీఎన్ఏ ఎక్స్-కిరణాల చిత్రాన్ని ఆమెకు తెలియకుండా, డీఎన్ఏ రూపం కోసం వెతుకుతున్న వాట్సన్‌కు చూపించారు. 1953లో జంట మెలికల నిర్మాణం వాట్సన్, క్రిక్‌ల పేరున వెలువడింది. ఆమె 1958లో పోయింది. ఆ పనికి 1962 నోబెల్ ముగ్గురు మగవారికి వచ్చింది. ఆ సభలో మన మేనత్త లేకపోయినా పని సక్రమంగానే జరిగింది.

మన పెద్దలకు జన్యుశాస్త్రం తెలియదనడమూ తప్పే. పొలం బయటికి పోకూడదని మేనరికాలు కుదిర్చినవారు వారే. మేనబావ, మరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవి. ఒక్క ప్రతి ఉంటే నోరు మెదపని లోపం, రెండు వైపుల నుంచీ రెండు ప్రతులు చేరినప్పుడు బిడ్డలో బయటపడుతుంది. బ్ర్నో ఊరి మఠం తోటలో జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ పెంచిన బఠానీల్లో ముడత ఒక తరం దాక్కుని మరుసటి తరంలో తిరిగి వచ్చినట్టే. పొలం ఇల్లు దాటలేదు, లోపమూ ఇల్లు దాటలేదు.

భోజనాలయ్యాక అమ్మమ్మగారిని పక్కకు పిలిచి ఒక రహస్యం చెప్పాను. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాకు తమ సొంత డీఎన్ఏ ఉంది, 37 జన్యువులు. అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. అంటే పాపకు అమ్మ నుంచి, అమ్మకు మీ నుంచి, మీకు మీ అమ్మగారి నుంచి. తండ్రి వైపు వాటా లేదు. ఆవిడ కాసేపు ఆలోచించి, చెంగుతో నోరు తుడుచుకుని అడిగారు:

"అయితే బాబూ, ఆ ఏడుపుకు శక్తి కూడా మాదేనంటారా?"