పేరు సరే, పని సంగతేంది?

ఇక్కడ అమెరికాలో పదకొండో తరగతికొచ్చిన పిల్లలున్న మన ఇళ్లల్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక జాబితా కనబడుతుంది. మెటఫర్, అనాఫొరా, ఎపిస్ట్రొఫీ, సినెక్డకీ, కయాస్మస్, ఈథాస్, పేథాస్, లోగాస్. అన్నీ అలంకారాలకూ, ఒప్పించే పద్ధతులకూ ఇంగ్లిష్ పేర్లు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్ష కోసం. పిల్లలు బట్టీ పడుతుంటారు, మనం ఒప్పజెప్పించుకుంటుంటాం. మనకిది కొట్టిన పిండి. "కింది వాక్యంలోని అలంకారాన్ని గుర్తించండి" అన్న ప్రశ్నకు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లో మనమంతా ఇట్లాగే తయారై వచ్చాం. అందుకే ఇందులో తప్పేమీ కనబడదు. నా గొడవ అక్కడే.

ఆ పరీక్షలో రిటారికల్ అనాలిసిస్ వ్యాసానికి, అంటే వక్త ఎట్లా ఒప్పిస్తున్నాడో విడమరిచి రాసేదానికి, 6 పాయింట్లు. థీసిస్‌కు (వ్యాసం నిలబెట్టే ముఖ్యవాదానికి) 1, ఆధారాలకూ వాటి మీద వ్యాఖ్యానానికీ కలిపి 4, ఆలోచనలో లోతుకు 1. అలంకారం పేరు చెప్పినందుకు విడిగా వచ్చేది సున్నా. మా వాడు ఒక ప్రసంగం మీద రాస్తూ "వక్త ఇక్కడ అనాఫొరా వాడాడు" అని పేరా ముగించాడు. వరుస వాక్యాలను ఒకే మాటతో మొదలుపెట్టడం అన్నమాట. టీచరమ్మ పక్కనే ఎర్రసిరాతో "అయితే ఏంటి?" అని రాసింది. వాడికి కోపమొచ్చింది, పేరు సరిగ్గానే చెప్పాడు కదా! నాకైతే ఆ టీచరమ్మకు దండం పెట్టాలనిపించింది.

మన తెలుగు సార్లు దీన్ని అడగకపోలేదు. లక్షణం (నిర్వచనం), లక్ష్యం (ఉదాహరణ), సమన్వయం (ఆ రెండూ ఎట్లా కుదిరాయో చెప్పడం) అని మూడు రాయించేవాళ్లు. ఆ మూడోదే ఇక్కడి 4 పాయింట్లు. కానీ మనం రాసిన సమన్వయం ఎట్లా ఉండేదో గుర్తు చేసుకోండి. "ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగలో మునుగుచున్నది." కీర్తి ఉపమేయం, హంస ఉపమానం, మునగడం సమానధర్మం, వలె ఉపమావాచకం, కాబట్టి ఉపమాలంకారం. అయిపోయింది, మార్కులు పడ్డాయి. కీర్తికి హంసనే ఎందుకు తేవాలి? మన కవులకు కీర్తి తెల్లనిది, హంస తెల్లనిది, ఆకాశగంగా తెల్లనిదే. తెలుపులో తెలుపు కలిసిపోతోందన్నమాట. నేను చదువుకున్న ఏ గైడులోనూ ఈ ముక్క లేదు, పరీక్షలో ఎవరూ అడగనూ లేదు.

కిందటి ఎండాకాలం హన్మకొండలో మా వాడు ఆ పేర్లను చిట్టీల మీద రాసుకుని చాప మీద పరిచాడు. మా బాపు రిటైరైన తెలుగు పండితుడు. కండ్లద్దాలు సర్దుకుని వంగి చూసిండు.

"గివేంది బిడ్డా, గిన్ని చిట్టీలు?"

"టర్మ్స్ తాతా. ఎగ్జామ్‌కి."

ఒకటి తీసి చదివించుకున్నాడు. అలిటరేషన్. "ఒకటే అక్షరం మల్ల మల్ల వచ్చుడు, గంతేనా? అట్లయితే ఇది ఇను" అని పోతన పద్యం ఎత్తుకున్నాడు. "అడిగెదనని కడువడిఁ జను..." మా వాడికి వచ్చిన తెలుగుతో అందులో ఒక్క ముక్క అర్థమయ్యే ప్రశ్నే లేదు. అర్థం చెప్పకుండా, ఏం వినబడ్డదో చెప్పమన్నాడు బాపు. వాడు కాసేపు ఆలోచించి, "గుర్రమా తాతా?" అన్నాడు. బాపు దగ్గొచ్చేదాకా నవ్విండు. తర్వాత "తడబడ నడుగిడు నడుగిడదు" దగ్గర నిదానంగా మళ్లీ చదివితే, "కాదు, ఎవరో ఆగుతున్నరు. పోదామా వద్దా అన్నట్టు" అన్నాడు. అప్పుడు చెప్పాడు కథ. ఏనుగు మొర విని విష్ణువు చెప్పాపెట్టకుండా లేచిపోతుంటే, వెనకాల లక్ష్మీదేవి. ఎక్కడికని అడుగుదామని గబగబా పోతుంది, అడిగితే జవాబివ్వడేమోనని ఆగిపోతుంది. ఆ తటపటాయింపంతా డకారంలో ఉంది. అది వృత్త్యనుప్రాస అన్న మాట బాపు నోట అన్నిటికంటే చివర వచ్చింది. నేను కోరే వరుస అదే. ముందు చెవి, తర్వాత ఎందుకు, ఆఖరున పేరు.

ఇది విని "చూశారా, ఇవన్నీ మనవాళ్లకు ఎప్పుడో తెలుసు" అని ఛాతీ విరుచుకునేవాళ్లు మన తెలుగు సంఘంలో కొందరున్నారు. వాళ్లతో నేను లేను. గ్రీకుల రిటారిక్ కోర్టుల్లో, సభల్లో ఎదుటివాణ్ని ఒప్పించడానికి పుట్టింది. మన అలంకారశాస్త్రం కావ్యం చుట్టూ, రసం చుట్టూ పెరిగింది. పేథాస్ అంటే వినేవాళ్ల మనసు కదిలించి ఒప్పించడం, దాన్ని కరుణరసం అని పిల్లలకు చెబితే రెండూ పాడవుతాయి.

అయితే ఒప్పించే పని మన శాస్త్రానికి పట్టనిదనీ అనలేం. సాక్ష్యం ఓరుగల్లులోనే ఉంది. 1289 నుంచి 1323 దాకా ఏలిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో ఒక అలంకార గ్రంథం రాశాడు. నాయకుడి దగ్గర మొదలై రసం, దోషం, గుణం మీదుగా శబ్దార్థాలంకారాల దాకా తొమ్మిది ప్రకరణాలు. ఉదాహరణ శ్లోకాలన్నీ ఆ రాజు పొగడ్తలే. నాటకం అంటే ఏమిటో చూపడానికి ఏకంగా ఐదంకాల నాటకమే రాశాడు, అందులోనూ నాయకుడు ప్రతాపరుద్రుడే. గ్రంథం పేరే ప్రతాపరుద్ర యశోభూషణం. అలంకారాలు నేర్చుకునే ప్రతి విద్యార్థీ రాజు కీర్తిని వల్లె వేయక తప్పదు. ఎవరు, ఎవరికోసం, ఎందుకు మాట్లాడుతున్నారని ఇంగ్లిష్ క్లాసులో అడిగే ప్రశ్న ఈ పాఠ్యగ్రంథం మీదే వేయొచ్చు. మేం కోటకు వనభోజనాలకు పోయి తోరణాల కింద ఫొటోలు దిగి వచ్చాం, ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఇక పెద్ద గ్రంథాలెందుకు, కాళోజీ మాట ఒక్కటి చాలు. "అక్షర రూపం దాల్చిన ఒక సిరా చుక్క లక్ష మెదళ్లకు కదలిక." కవి లేడు, పుస్తకం లేదు, సిరా చుక్కే. దాన్ని మెటానిమీ (ఒకదాని బదులు దానితో ముడిపడ్డ ఇంకోదాని పేరు చెప్పడం) అంటారని మీ అమ్మాయి చెబుతుంది. చుక్కే ఎందుకని అడగండి. ఒక వైపు చుక్కంత చిన్నది, ఇంకో వైపు లక్ష. అక్షరలో మోగిన ధ్వనే లక్షలో మళ్లీ మోగుతుంది. క్రియ లేకుండా కదలిక దగ్గరే వాక్యం ఆగుతుంది. ఇంత చెప్పాక టీచరమ్మ "అయితే ఏంటి?" అని అడగదు.

బతుకమ్మ పాటలో ప్రతి చరణం చివరా ఉయ్యాలో అంటాం. ఇంగ్లిష్ జాబితాలో దానికి ఎపిస్ట్రొఫీ అని పేరుంది. పాట రాని కోడలు కూడా ఆ ఒక్క మాట దగ్గర గొంతు కలుపుతుంది. ముందు పాడే ఆమెకు తర్వాతి చరణం గుర్తు చేసుకునేందుకు అంత సందు దొరుకుతుంది. వంద మంది చప్పట్లూ ఒక్కచోట పడతాయి. సభలో వక్త ఒకే మాటను మళ్లీ మళ్లీ అంటుంటే జనం అతనికంటే ముందే అందుకోవడం ఇట్లాంటిదే.

కాబట్టి మన సంఘానికి నా విన్నపం. ఈసారి బతుకమ్మ నాడు డీజే మొదలు కాకముందు ఒక గంట హైస్కూలు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలూ నానమ్మలూ పాడతారు. ఎందుకట్లా పాడుతున్నారని పిల్లలు అడుగుతారు. తెలుగు సరిగ్గా రాని పిల్లలకు ఇదెట్లా అంటారేమో, వినడానికి అంత తెలుగు అక్కర్లేదు. క్విజ్ మాత్రం పెట్టొద్దు. మన కమిటీ సంగతి నాకు తెలుసు, ఈపాటికే ట్రోఫీలకు ఆర్డరిచ్చి ఉంటారు.