మట్టిలో ఆడనిద్దాం సరే, తట్టు ఎందుకు రానివ్వాలి?

వారం రోజులుగా మా హన్మకొండ చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్. "మన పెద్దలకు టీకాల్లేవు, మట్టిలో పెరిగి వందేళ్లు బతికారు. టీకాలు పిల్లల్లో సహజ శక్తిని చంపేస్తాయి. తట్టు ఒకసారి వచ్చి పోతే ఒళ్లు గట్టిపడుతుంది. పుట్టగానే తేనె నాకించండి" అని. నర్సంపేటలో ఉండే మా మరదలు అది చదివి, ఎనిమిది నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని "వచ్చే నెల సూది ఆపేద్దామా వదినా" అని అడిగింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పెద్దలకు టీకాల్లేవా? మా నానమ్మ చేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది, అది మశూచి టీకా మచ్చ. మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయిందంటే ఆ మచ్చల వల్లే. ఎంతమంది పిల్లలని అడిగితే ఆమె ఎనిమిది వేళ్లు చాపి మూడు ముడిచేది. వందేళ్లు బతికినవాళ్లు మన కళ్లముందు ఉంటారు కాబట్టి గుర్తుంటారు, ఆ మూడు వేళ్ల సంగతి ఎవరు చెప్తారు?

మట్టి మాటలో మాత్రం నిజముంది. పశువుల కొట్టం, చేను చెలక మధ్య పెరిగే పిల్లల్లో ఆస్తమా, అలర్జీలు తక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది. కాబట్టి పిల్లల్ని ఆడనివ్వండి, ప్రతి పది నిమిషాలకూ శానిటైజర్ పూయక్కర్లేదు. కానీ అది అలర్జీల ముచ్చట, దానికీ తట్టుకూ సంబంధం లేదు. పైగా చెలక మట్టి వేరు, మోరీ పక్క మట్టి వేరు. మలం కలిసిన నేల మీద చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగు పాదం నుంచే లోపలికి పోయి పేగుల్లో రక్తం తాగుతుంది. ఇప్పటికే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. చెప్పులు, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర, గుడ్డు, ఆకుకూర, పప్పు, వీటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఇక తట్టు. ఒకసారి వస్తే మళ్లీ రాదన్నది నిజమే. కానీ వచ్చినప్పుడు నిమోనియా కావచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. తగ్గాక కూడా కథ అయిపోదు. తట్టు వచ్చిన పిల్లల రక్తం పరీక్షిస్తే, అంతకుముందు వేరే జబ్బుల మీద వాళ్ల ఒంట్లో తయారైన యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయని 2019లో బయటపడింది. గట్టిపడటం సంగతి అటుంచితే, ఉన్న బలమే తుడిచిపెట్టుకుపోతోంది కదా!

టీకా సహజ శక్తిని చంపదు. శత్రువు ఎలా ఉంటాడో ముందే చూపిస్తుంది అంతే, యాంటీబాడీలు తయారుచేసేది బిడ్డ ఒళ్లే.

తేనె విషయం దయచేసి వినండి. ఏడాది నిండని బిడ్డకు చుక్క కూడా వద్దు. అందులో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు పసిపేగులో మొలకెత్తి విషం తయారుచేస్తే ఒళ్లు చచ్చుబడుతుంది. తేనె నాకించి, ముర్రుపాలు మాత్రం "ముదురు పాలు" అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పచ్చగా, చిక్కగా చెంచాడు కూడా రాని ఆ పాలలో తల్లి ఇచ్చే రక్షణ మెండుగా ఉంది. గంటలోపే పట్టించండి, ఆరు నెలలదాకా ఎండాకాలంలోనైనా నీళ్లు కూడా అక్కర్లేదు.

మరదలికి ఇదే చెప్పాను. తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఎవరి బిడ్డకైనా తప్పిపోయి ఉంటే భయపడకుండా కార్డు పట్టుకుని బుధవారమో శనివారమో ఏఎన్ఎం దగ్గరికి వెళ్లండి, ఐదేళ్లలోపైతే ఇప్పటికీ వేస్తారు.