భయం తీసేసిన భయాల పండుగ: తల్లిదండ్రులకు మనవి

అక్టోబరు 31 దగ్గర పడుతోంది. పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే హాలోవీన్ పండుగకి అమెరికాలో బాధ్యత తెలిసిన తల్లిదండ్రులంతా ప్రత్యామ్నాయాలు వెతికే పనిలో పడ్డారు. పడాల్సిందే. చీకటి పడ్డాక వీధుల్లో తిరగడం, ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపు కొట్టడం, వాళ్లు ఇచ్చింది నోట్లో వేసుకోవడం... ఏడాది పొడవునా మనం వద్దనే పనులన్నీ పిల్లలు ఒక్క సాయంత్రంలో కానిచ్చేస్తున్నారు. అంత సంతోషాన్ని చూస్తూ ఊరుకోగలమా?

ప్రభుత్వం తన వంతు ఎప్పుడో చేసింది. గడియారాలు వెనక్కి తిప్పే రోజును 2007 నుంచి అక్టోబరు చివరి ఆదివారం బదులు నవంబరు మొదటి ఆదివారానికి జరిపింది. దాంతో ఆ సాయంత్రానికి మరో గంట వెలుతురు కలిసొచ్చి, చిన్న దయ్యాలు ఎండ ఉండగానే బయల్దేరుతున్నాయి. మిగతా భయాల సంగతి మనం చూసుకోవాలి.

ముందుగా విషం. డెలావేర్ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాల వార్తలు తిరగేశారు. ఎవరో కొత్త మనిషి పంచిన మిఠాయిలో విషం ఉండి బిడ్డ చనిపోయినట్టు రుజువైన కేసు ఒక్కటీ ఆయనకు దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల బాలుడు సయనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజం. కలిపింది మాత్రం కన్నతండ్రి, బీమా డబ్బు కోసం. కనుకనే పిల్లల సంచీ సోదా చేసే బాధ్యత ఈనాటికీ తండ్రులదే.

కొత్త ముఖాల బెడద లేని ఏర్పాటు ట్రంక్ ఆర్ ట్రీట్. స్కూలు పార్కింగులోనో చర్చి పార్కింగులోనో కార్లు వరసగా నిలిపి, డిక్కీలు తెరిచి, సాలెగూళ్లు కట్టి, అక్కడే మిఠాయి పంచుతారు. లెక్క చూడండి. 20 కార్లు, 200 మంది పిల్లలు అనుకుంటే ఒక్కో కారువాళ్లు 200 చొప్పున తేవాలి, మొత్తం 4000 మిఠాయిలు. వీధిలో రెండు గంటలు కాళ్లీడ్చి పోగుచేసే సరుకు ఇక్కడ పావుగంటలో సంచీలో పడుతుంది. పిల్లల క్షేమం కోసమని మొదలెట్టిన సంస్కరణలో తగ్గింది నడక ఒక్కటే. ఇంకో మాట: డిక్కీ గంటల తరబడి తెరిచి ఉంటే లోపలి లైటు వెలుగుతూనే ఉండి పాత బ్యాటరీని దింపేస్తుంది. అలంకరణకు సెల్స్‌తో వెలిగే దీపాలే వాడండి, పక్క కారు బ్యాటరీతో బండి స్టార్ట్ చేసే జంపర్ కేబుళ్లు దగ్గరుంచుకోండి. చీకటి పడ్డాక ఖాళీ పార్కింగులో కదలని కారు పక్కన నిలబడితే అసలు హాలోవీన్ అనుభవం దానంతటదే వస్తుంది.

గుమ్మడికాయకు దయ్యం మొహం చెక్కి లోపల దీపం పెట్టే ఆనవాయితీలో కత్తి పోయింది, కుంచె వచ్చింది. ఇది మంచి మార్పే. చెక్కిన కాయ చల్లని చోట వారం నిలిస్తే గొప్ప. డాలస్ ఎండకి మూడో రోజుకే మొహం లోపలికి ముడుచుకుపోతుంది, ఈలోగా ఉడతలు ముక్కు కొరికేస్తాయి. చెక్కక తప్పదంటే మూత నిటారుగా కోయకండి, లోపలికి పడిపోతుంది. కత్తి మొన కాయ మధ్యకు తిరిగేలా ఏటవాలుగా దించండి. మొహం వచ్చే వైపు గోడ రెండున్నర సెంటీమీటర్లకు గీకండి. మందంగా వదిలితే వెలుగు బయటికి రాదు, మరీ పలచనైతే కూలుతుంది. రంగులేసేవారు కాయను తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి అక్రిలిక్ రంగు వేయండి. పిల్లల బట్టల మీద మరక పడకూడదని ఉతికితే పోయే రంగు కొన్నారో, మొదటి వానకే దయ్యం ఏడుస్తున్నట్టు తయారవుతుంది. ఆ పెద్ద కాయను చూసి దప్పళానికి ఆశపడవద్దు: అంతా నీళ్లూ పీచూ. గింజలు మాత్రం కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి 175 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఇరవై నిమిషాలు వేయించుకోవచ్చు. తడి మీద పెడితే కరకరలాడవు, సాగుతాయి. అయినా గుమ్మం ముందు దిష్టి గుమ్మడికాయ వేలాడదీసే జాతికి ఇవన్నీ ఎవరో వచ్చి నేర్పాలా? కత్తి తగలని బూడిద గుమ్మడి నెలల తరబడి చెక్కుచెదరదు.

వేషాల నిబంధనలు చాలా స్కూళ్లలో ఇప్పటికే కట్టుదిట్టం. ముసుగు వద్దు, ఆయుధం వద్దు, రక్తం వద్దు, పుస్తకంలోని పాత్ర అయితే మేలు. కత్తి లేని సముద్రపు దొంగ మామూలు గళ్ల చొక్కా కుర్రాడే. చికాగో వైపు అయితే దాని మీద చలికోటు కూడా వస్తుంది కాబట్టి వేషం ఎంత ఖరీదైనదైనా ఫరవాలేదు, ఎవరికీ కనపడదు.

ఒక్క ప్రత్యామ్నాయం మీద మాత్రం వెటకారం చెల్లదు. వేరుశనగ, పాలు, గుడ్లు పడని పిల్లల కోసం ముంగిట నీలిపచ్చ గుమ్మడికాయ పెట్టి, తినే వస్తువుల బదులు పెన్సిళ్లు, స్టిక్కర్లు ఇస్తారు. 2014లో దేశమంతా పాకింది. మిఠాయికీ వీటికీ గిన్నెలు వేరుగా పెట్టాలి, లేకుంటే వేరుశనగ పొడి అంటుకుంటుంది. మిఠాయి ఆకారంలో ఉండే రబ్బర్లు కొనకండి, చిన్నపిల్లలు నమ్మి నమిలేస్తారు.

ఖర్చులేని భయం కావాలంటే చెప్పుల డబ్బాకు చెయ్యి పట్టేంత కన్నం చేసి, లోపల గిన్నెలో చల్లారిన స్పగెట్టీ పెట్టి మెదడు అనండి. చెంచా నూనె కలపకపోతే అరగంటకే ముద్దకడుతుంది. సేమ్యా పనికిరాదు, ఇంటిల్లిపాదికీ పాయసం గుర్తొస్తుంది. తొక్క తీసిన ద్రాక్షపళ్లు కనుగుడ్లకు సరిపోతాయి. ఐదేళ్ల లోపు పిల్లలుంటే నిలువుగా చీల్చి పెట్టండి, గొంతులో అడ్డం పడతాయి.

చివరికి స్విచ్ విచ్. బిడ్డ పడుకునే ముందు మిఠాయి సంచీ గడప దగ్గర పెడితే, రాత్రి మంత్రగత్తె వచ్చి అది పట్టుకుపోయి బొమ్మ పెట్టి వెళుతుంది. చీకట్లో వచ్చి తిండి ఎత్తుకుపోయే మంత్రగత్తె భయపెట్టదని పెద్దల అభిప్రాయం. బొమ్మ ధర ముందే తేల్చుకోండి: ఈ ఏడు సైకిలు ఇస్తే వచ్చే ఏడు బేరం అక్కణ్నుంచే మొదలు. సంచీని బియ్యం డబ్బాలో దాచవద్దు, పిల్లలు మొదట వెతికేది అక్కడే. ఆఫీసుకు పట్టుకుపోయి వదిలించుకుందామనుకునే తండ్రులు మాత్రం నవంబరు 1న కాస్త పెందలాడే వెళ్లాలి. ఆలస్యమైతే కాఫీ మిషను పక్కన చోటుండదు, ఆ ఊరి మంత్రగత్తెలందరూ అప్పటికే దింపేసి ఉంటారు.