లెన్స్ కొన్నావు సరే, బ్యాలెన్స్ సంగతేంటి?

పెళ్ళి ఫొటోగ్రఫీలోకి దిగాలనుకునే కుర్రాళ్ళకి యూట్యూబ్‌లో దొరికే సలహాలన్నీ తలకిందులుగా ఉన్నాయని సమాజం పట్ల పూర్తి బాధ్యతతో చెప్తున్నా. ఎవడు చూసినా సోనీయా కెనానా, ఫుల్ ఫ్రేమా క్రాప్ సెన్సరా అని గంటలు గంటలు కొట్టుకుంటాడే గానీ, ఆడపిల్ల తండ్రి దగ్గర మిగిలిన డబ్బులు ఎలా రాబట్టాలో ఒక్కడూ చెప్పడు. అసలు విద్య అది తమ్ముడూ, కెమెరాదేముంది, అద్దెకి కూడా దొరుకుతుంది.

సరే, నీ ఆరాటం కెమెరా మీదే కాబట్టి అక్కణ్ణించే వద్దాం. కోఠీ వెళ్తావు, ఈఎమ్ఐలో కెమెరా బాడీ తీసుకుంటావు, డబ్బులు అయిపోతాయి గనక 50ఎంఎం 1.8 లెన్స్ ఒక్కటి తగిలించుకుని వస్తావు. మంచి లెన్సే, తప్పు లేదు, కానీ వెనకంతా మసగ్గా వస్తోందన్న ఆనందంలో గ్రూప్ ఫొటో కూడా లెన్స్ కన్ను పూర్తిగా తెరిచి, అంటే 1.8లోనే కొట్టేస్తావు చూడు, అక్కడ మొదలవుతుంది కథ. ముందు వరస పిల్లలు షార్ప్‌గా వస్తారు, వెనక వరసలో పెళ్ళికొడుకు పెదనాన్నగారు పొగమంచులో కలిసిపోతారు. ఆయన అసలే కార్డులో పేరు కింద వేశారని అలిగి చివరి నిమిషంలో వచ్చిన మనిషి. ఆ కన్ను కాస్త మూసి 5.6 కో 8 కో పెట్టుకుని ఉంటే ఆ రెండు కుటుంబాలు ఇవాళ్టికీ మాట్లాడుకునేవి.

తర్వాత పేరు. ఫొటో స్టూడియో అని బోర్డు పెట్టావనుకో, పాస్‌పోర్ట్ సైజులకీ జిరాక్స్‌కీ వస్తారు జనం. పేరు చివర స్టోరీస్ అనో టేల్స్ అనో ఫిల్మ్స్ అనో తగిలిస్తే అవే ఫొటోలకి రేటు లక్షల్లోకి వెళ్తుంది, ఇది ఎందుకని అడక్కూడదు. పని దొరికేలోపు చుట్టాల పెళ్ళిలో డబ్బులు తీసుకున్న ఫొటోగ్రాఫర్ లైట్లు పెట్టుకుంటే ఆయన భుజం మీంచి నాలుగు కొట్టి, పెళ్ళికూతురి మొహం కంటే పెద్ద వాటర్‌మార్క్ వేసి పేజీలో పెట్టేస్తే నువ్వు కూడా ఆర్టిస్టువే.

ఇక బేరాలు. మొదటి బేరం ఎప్పుడూ మనోళ్ళదే. "మనోడే కదరా, నీకూ ఫొటోలు ఉంటాయి పేజీలో పెట్టుకోడానికి, పెట్రోల్‌కి ఇస్తాంలే, భోజనం ఎలాగూ అక్కడే" అంటాడు బాబాయి. ఇదే బాబాయి డెకరేషన్‌ వాడికి పూలు వాడిపోకముందే మొత్తం ఇచ్చేస్తాడు, కేటరింగ్ వాడికి ప్లేటు లెక్కన కడతాడు, మేళం వాళ్ళకి నోట్లు కుచ్చుతాడు, నీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి ఎక్కడలేని రక్తసంబంధం గుర్తొస్తుంది. పైగా ఇన్‌స్టాలో ట్యాగ్ చేస్తామంటారు. ఆ రోజుల్లో రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాంకి ఫొటోలు తీస్తే ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు, ఇప్పుడు నీకు ట్యాగ్. కాలాన్ని బట్టి సర్దుకోవాలి.

ముహూర్తం సంగతి విడిగా చెప్పుకోవాలి. అది తెల్లవారుజామున 2 గంటలకో 3 గంటలకో ఉంటుంది, నువ్వు పొద్దున మంగళస్నానాల నుంచీ కాళ్ళ మీదే ఉంటావు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి అడ్డుతెర దించేవాడు ఒకడు, నెత్తిమీంచి చేతులు చాపి ఫోన్లలో తీసేవాళ్ళు ఇరవైమంది, వాళ్ళందరికీ ముందు నువ్వు, నీ ముందు వీడియో అతను, పైన క్రేను. మనమంతా కలిసి గోడ కట్టినట్టు నిలబడతాం కాబట్టే కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళకి పెళ్ళి కనబడదు, కనబడదు కాబట్టే ఎల్ఈడీ స్క్రీన్ పెట్టాల్సొస్తుంది, అంటే ఒక కొత్త పరిశ్రమని మన వీపులతో నిలబెట్టాం, ఇందుకు ప్రభుత్వం ఏ గుర్తింపూ ఇవ్వకపోవడం విచారకరం. తాళి కట్టేటప్పుడు మూడో ముడి ఫోకస్ రాకపోతే భయపడకు, "పంతులుగారూ, ఒక్కసారి మళ్ళీ" అను. ఇదివరకు కోప్పడేవారు, ఇప్పుడు ఆయనే మంత్రం ఆపి "ఇటు చూడు నాయనా, కెమెరా ఇటుంది" అంటున్నారు. దేవతలు కాసేపు ఆగుతారు, మెమరీ కార్డ్ పాడైతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. రెండు కార్డులు పట్టే కెమెరా కొనుక్కో, రెండిట్లోనూ రాసేలా పెట్టుకో. ఇది మాత్రం నిజంగానే చెప్తున్నా, వెటకారం కాదు.

ప్రీవెడ్డింగ్ గురించి ఎక్కువ చెప్పను. పెళ్ళిచూపుల తర్వాత సరిగ్గా మాట్లాడుకోని ఇద్దర్ని గండికోట తీసుకెళ్ళి, ఎండలో పొడుగు గౌను వేసి, పరిగెత్తించి, ఎన్నేళ్ళ ప్రేమో అన్నట్టు తియ్యాలి. డ్రోన్ కూడా కావాలంటారు. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల లోపుది నానో కింద లెక్క, నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆ బుల్లి డ్రోన్లకి గిరాకీ ఉందంటే ఊరికే కాదు. అయితే అదే డ్రోన్‌ని ఫంక్షన్ హాల్ లోపల, సీలింగ్ ఫ్యాన్ల కింద, తలంబ్రాల మధ్యలో ఎగరెయ్యమంటే ఏ రూలూ నిన్ను కాపాడదు.

అన్నిటికంటే పంచాంగం చదవడం నేర్చుకో. మాఘం, వైశాఖం, శ్రావణంలో ఒకే రాత్రికి నలుగురు అడుగుతారు, ఎవరికీ కాదనలేక పక్క ఊరి కుర్రాళ్ళని రోజుకూలీకి పంపిస్తావు. ఆషాఢం రాగానే ఫోన్ మోగదు, ధనుర్మాసంలో మోగదు, శుక్రమూఢమో గురుమూఢమో తగిలితే ఇక వారాల తరబడి కెమెరా తుడుచుకుంటూ కూర్చోడమే. బ్యాంకుకి మాత్రం మూఢం లేదు, నెల తిరగ్గానే ఈఎమ్ఐ కట్ అవుతుంది.

ఇప్పుడు అసలు విద్య. కొంత బుకింగ్‌కి, కొంత పెళ్ళిరోజు, మిగతాది ఆల్బమ్ చేతిలో పెట్టాక అని ఒప్పందం. పెళ్ళిరోజు వాయిదా మంగళసూత్రధారణకి ముందే అడిగెయ్యాలి, అప్పగింతల దాకా ఆగావంటే తండ్రి ఏడుస్తుంటాడు, ఏడుస్తున్న మనిషిని డబ్బులెలా అడుగుతావు, నీకూ మనసుంది కదా. ఇక ఆల్బమ్. వేల ఫొటోలు లింకులో పంపి, 12 బై 36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్‌కి సెలెక్ట్ చెయ్యండి అంటావు. పిల్లా పిల్లాడూ డల్లాస్ వెళ్ళిపోయుంటారు, వాళ్ళు ఎంచినవాటిల్లో అత్తగారి తరపువాళ్ళు తక్కువున్నారని ఖమ్మంలో గొడవ, మళ్ళీ ఎంచడం, మళ్ళీ గొడవ. సెలెక్షన్ అవ్వదు, ఆల్బమ్ అవ్వదు, బ్యాలెన్స్ రాదు. ఈలోగా డల్లాస్ వాళ్ళకి బాబు పుడతాడు, అన్నప్రాసనకి ఇండియా వస్తారు, "పెళ్ళికి తీసింది నువ్వే కదా, దీనికీ రా, అన్నీ కలిపి ఒకేసారి ఇచ్చేస్తాం" అని ఫోన్ చేస్తారు.

వెళ్ళు తమ్ముడూ, తప్పకుండా వెళ్ళు. కొత్త బిల్లులో పాత బ్యాలెన్స్ కలుపు, వాళ్ళు అడగబోయే డిస్కౌంట్ కూడా ముందే కలుపు, అడ్వాన్స్ పడ్డాకే బండి స్టార్ట్ చెయ్యి.